మిగిలిపోయిన శుభలేఖలు

కంచరపాలెంలోని ఆ రెండు గదుల ఇంట్లో, మంచం కింద, పెళ్ళి శుభలేఖల కట్ట ఒకటి మిగిలిపోయింది. దాన్ని చూసినప్పుడల్లా హేమశ్రీకి నవ్వొచ్చేది. ఎర్రటి అట్ట మీద బంగారు రంగు వినాయకుడు, కింద తన పేరూ త్రినాథరావు పేరూ పక్కపక్కనే. ఎన్నిసార్లు చూసుకున్నా తనివి తీరదు. పారేయడానికి చేతులు రాలేదు.

అంత సంతోషం మధ్యలో త్రినాథరావు పని పోయింది. అతను వెల్డరు. కాంట్రాక్టరు పని ఎత్తేసి వెళ్ళిపోయాడు. పారాదీప్‌లో పని ఉంది రమ్మని మేస్త్రీ కబురు పెట్టాడు. ఒప్పందం ఏడాదికి, మధ్యలో సెలవుల్లేవు.

కానీ త్రినాథరావు చేతిలో ఇంకో విద్య ఉంది. హార్మోనియం ముందు కూర్చుని భజన ఎత్తుకున్నాడంటే వీధిలో పోయే ఆటోవాడు కూడా ఇంజను ఆపి వింటాడు. అమ్మవారి పండగలు దగ్గర పడ్డాయి. ఒక్క ఊరు పిలిచినా చాలు, అక్కడ విన్నవాళ్ళు ఇంకో ఊరికి పిలుస్తారు, ఈలోగా ఇక్కడే పని వెతుక్కోవచ్చు. ఆదివారం లోపు ఏ పండగ కమిటీ పిలవకపోతే సాయంత్రం రైలెక్కాలి. ఇద్దరూ కూర్చుని అలా అనుకున్నారు. అనుకున్నప్పటి నుంచి హేమశ్రీకి అన్నం సహించడం లేదు.

"ఫోన్లో పంపితే పెద్దోళ్ళు ఇనరే. సీడీ అయితే మైకుసెట్టోడికిచ్చి ఏయిస్తారు," అన్నాడు త్రినాథరావు.

పూర్ణా మార్కెట్లో ఓ కొట్టువాడు, ఎవరూ కొనక దుమ్ముపట్టిన ఖాళీ సీడీలను దాదాపు ఊరికే ఇచ్చాడు. స్నేహితుడి కంప్యూటర్లో పాటలు ఎక్కించారు. అట్టలు అచ్చు వేయించే స్తోమత మాత్రం లేదు.

"అట్టలు నాను సేస్తాను," అంటూ హేమశ్రీ మంచం కిందకి దూరింది.

శుభలేఖలు కత్తిరించి, మడిచి, మైదా జిగురుతో సంచుల్లా అంటించింది. ప్రతి సీడీ మీదా స్కెచ్ పెన్నుతో తామరపువ్వు ముగ్గు వేసింది. రేకుల చివర బొట్టుబిళ్ళలు కూడా అంటించింది.

"ఇదేటే, సీడీ పేరంటానికెళ్తందా?" అని నవ్వాడు త్రినాథరావు. ప్లేయర్లో పెడితే గరగరమంది. బిళ్ళలన్నీ ఊడదీసి, అట్టల మూతలకు అంటించింది. భజన పాటలనీ, ఫోన్ నంబరూ పైన రాద్దామంటే ఆ మెరుపు అట్ట మీద పెన్ను నిలవలేదు. సరే, సీడీ మీదే పువ్వు చుట్టూ రాసేసింది. తెరవగానే లోపల పువ్వు విచ్చుకుని కనిపిస్తుందని తలుచుకుని తనలో తనే మురిసిపోయింది.

అత్తగారు ధనలక్ష్మి వచ్చి చూసింది. "బాగున్నాయే అమ్మీ. బోసిగా పంపుతారేటి?" అంటూ వేలు పసుపులో ముంచి, ప్రతి అట్టకీ నాలుగు మూలలా అద్దింది. ఎర్రటి అట్టలకి ఆ పసుపు ఇంకా అందమిచ్చిందనిపించింది హేమశ్రీకి.

త్రినాథరావు తగరపువలస మొదలుకుని ఊరూరూ తిరిగి, కమిటీ పెద్దలు ఎక్కడా దొరక్క, ఇంట్లో ఉన్నవాళ్ళ చేతుల్లో పెట్టి వచ్చాడు.

ఒక్క ఫోనూ రాలేదు.

హేమశ్రీ నిద్రలో కూడా ఫోను చేతిలోంచి వదల్లేదు. స్నానానికి వెళ్తే సబ్బుపెట్టె పక్కన పెట్టుకుంది. ఆదివారం పొద్దున్నే త్రినాథరావు బ్యాగు దించి, వెల్డింగు కళ్ళద్దాలు చొక్కాల మధ్యలో దాచాడు. ఆ కళ్ళద్దాలు చూడగానే ఆమె చెప్పులేసుకుంది.

"నాను తగరపువలస వెళ్ళొస్తాను."

"ఎందుకే? అడుక్కోడానికా?"

"అవును బావా. అడుక్కోడానికే."

తగరపువలస పండగ కమిటీ పెద్ద నీలకంఠం వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. హేమశ్రీ తన పేరూ భర్త పేరూ చెప్పిందో లేదో, ఆయన ముఖం విప్పారింది.

"ఒలమ్మా, ఆ పెళ్ళికూతురివా నువ్వు! కార్డందింది తల్లీ. ఓలే చిట్టమ్మా, పెళ్ళికి రాలేదని పెళ్ళికూతురే అడగడానికొచ్చీసిందే!"

భార్య చిట్టమ్మ పిండి చేతులతో గుమ్మంలోకి వచ్చింది. "ఏ సుట్టాలో తెలీక ఊరుకున్నామమ్మా. కోపమెట్టుకోకు."

హేమశ్రీకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత గోడకేసి చూసింది. శుభలేఖలు గుచ్చే తీగ కొక్కెం. ఊళ్ళో పెళ్ళిళ్ళ కార్డులన్నిటి మధ్యలో తన ఎర్ర అట్ట, వినాయకుడి బొజ్జలోంచి తీగ దూరి వేలాడుతోంది. మూత మీద బొట్టుబిళ్ళ చెక్కు చెదరలేదు.

"భలే గట్టి అట్టమ్మా," అన్నాడు నీలకంఠం. "ఎక్కడ గుచ్చినా దిగలేదు. మధ్యలో మాత్రం మెత్తగా దిగిపోనాది."

సీడీ మధ్యలో ఉన్న కన్నం. హేమశ్రీ అరుగు మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"పెళ్ళి కార్డు కాదండీ. పాటలండీ. మా ఆయన ఈ సాయంత్రం రైలెక్కేస్తన్నారు. ఒక్కసారి ఇనండి."

టీవీ కింద పాత ప్లేయరు మీద గుడ్డ తీశారు. సీడీ లోపల తిరిగి, తిరిగి ఆగిపోయింది. హేమశ్రీ దాన్ని బయటికి తీసి, అంటిన పసుపు పొడిని కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. ఈసారి త్రినాథరావు గొంతు వచ్చింది. చిట్టమ్మ చేతులకు పిండి ఎండిపోతున్నా కదల్లేదు.

పాట అయ్యాక నీలకంఠం మీసం దువ్వుకున్నాడు. "గొంతుంది. కానీ ఆర్కెస్ట్రాకి మాటిచ్చీసినాం తల్లీ. అమ్మవారి ఘటాలు ఊరేగింపుకి లేచే రోజుకి మాత్రం ఎవురూ కుదర్లేదు. అదీ నానొక్కణ్ణే సెప్పకూడదు. సాయంత్రం కమిటీ కూసుంటాది, ఎదురుగా వచ్చి పాడమను."

"సాయంత్రమే రైలండీ."

"దానికి నానేటి సేసేది?"

ఆమె వీధిలోకొచ్చి ఫోను చేసింది. జరిగిందంతా విని త్రినాథరావు నవ్వలేదు.

"పిలిసినట్టా, పిలవనట్టా?"

"ఇంటామన్నారు."

"మేస్త్రీకి మాటిచ్చీసినాను హేమా."

"మన పాటలు అన్ని ఊళ్ళల్లోనూ కొక్కేలకి ఏలాడతన్నాయి బావా. ఇని వద్దన్నోళ్ళు ఒక్కళ్ళూ లేరు. అసలెవురూ ఇనలేదు."

త్రినాథరావు ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

హైవే పక్కన బస్సుల దగ్గర నిలబడింది. ఏ బస్సు ఆగినా దిగేవాళ్ళందరి ముఖాలూ వెతికింది. ఎండ పసుపు రంగుకి తిరిగింది. చేతిలోని అట్ట మీద వినాయకుడి బొజ్జకు పడిన చిల్లు చూసి మనసొప్పక, పర్సులోంచి బొట్టుబిళ్ళ తీసి దాని మీద అంటించింది. ఇంత దిగుల్లోనూ అది ముచ్చటగా కనిపించినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. రైలు వేళ దాటిపోయింది. ఇక బస్సుల వైపు చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

"ఏటే, అలగ అటు తిరిగి నిల్సున్నావ్?"

ఆమె ముందు ముఖం చూడలేదు, చేతులు చూసింది. ఒక భుజాన హార్మోనియం. రెండో చెయ్యి ఖాళీ.

"బ్యాగేది బావా?"

"పెళ్ళికి పిలిస్తే బ్యాగెందుకే?" అన్నాడు త్రినాథరావు. "పద. కమిటీ లేచిపోద్ది."