రంగు లేని ఆటీను

పక్కకు చూడటం మానేయమని ఆసుపత్రిలో చూపు శిక్షణ ఇచ్చే మాయెల్ సొలాంజ్‌కు పది నెలలుగా చెబుతున్నాడు. గురువారం మధ్యాహ్నం ఫ్రాన్స్‌లోని నాంత్‌లో పేకాట క్లబ్బు బల్ల ముందు కూర్చున్నప్పుడు ఆమె ఆ మాట పాటించాలనే అనుకుంది.

సొలాంజ్‌కు డెబ్బై ఆరేళ్లు. ఏడేళ్ల క్రితం ఆమె చూపులో నడుమ భాగం పోయింది. ఎవరినైనా చూస్తే ముఖం ఉండాల్సిన చోట మసక, చుట్టూ గోడ. అవతలి మనిషి చెవి పక్కగా చూస్తే ముఖం కాస్త అందేది. అక్షరాలు అందలేదు, పేక ముక్కలూ అందలేదు. ముప్పై ఏళ్లు అర్మాన్‌కు జోడీగా బెలోత్ అనే జట్ల పేకాట ఆడిన ఆమె కుర్చీ వదిలేసింది.

గత మార్చిలో ఎడమ కంటి రెటీనా కింద రెండు మిల్లీమీటర్ల చిప్ పెట్టారు. కళ్లజోడులోని కెమెరా తీసిన బొమ్మ కంటికి కనిపించని కాంతిగా మారి ఆ చిప్ మీద పడుతుంది. బొమ్మను పెద్దది చేసే మీట జేబులోని చిన్న పెట్టెకు ఉంటుంది. ఆమెకు కనిపించేది లేత పసుపు చుక్కల ఆకారం. నేరుగా చూస్తేనే అది నిలుస్తుంది. శిక్షణలో మాయెల్ ఆమెతో చదివించినవి తెల్ల కాగితం మీద నల్లటి అక్షరాలు.

ఆదివారం పోటీకి క్లబ్బు రెండు జట్లను పంపుతోంది. పేర్లు ఐదు గంటలకు ఇచ్చేయాలి. అర్మాన్ ముందే చెప్పాడు.

"రెండు పంపకాలు ఆడదాం. ఒక తప్పు వదిలేస్తా. రెండోది చేస్తే నేను వేరే జోడీని చూసుకుంటా, ఏమీ అనుకోకు."

"అనుకుంటాను. అయినా పంచు."

ఎదుటి జట్టు మిరేయ్, ఫిర్మిన్. ఫిర్మిన్ ముక్కలను ఛాతీకి ఆనించుకున్నాడు.

"ఆ కెమెరాలో నా ముక్కలు కూడా కనిపిస్తాయా ఏంటి?"

"నీ ముక్కలకి కెమెరా ఎందుకయ్యా? మంచి ముక్క పడితే నీకు దగ్గొస్తుంది. అది ఊరంతటికీ తెలుసు."

మొదటి పంపకంలో మిరేయ్ ఆటీను వేసింది. సొలాంజ్ నేరుగా చూసి, ఒక ముక్క ఎంచి బల్ల మీద పెట్టింది.

"ఆటీను లేదా నీ దగ్గర?" అంది మిరేయ్.

"ఇదేమిటి మరి?"

ఆమె వేసింది ఇస్పేటు. ఇస్పేటుకు కింద ఉండే కాడను చుక్కలు పట్టుకోలేదు. కాడ కనిపించని ఇస్పేటు తిరగబడి ఉంటే ఆటీను ఆకారమే. ఫిర్మిన్ ఆమె ముక్కలు చూపించమన్నాడు. ఆటీను రాజు అందులోనే ఉన్నాడు. ముక్క ఉండి వేయకపోతే పంపకంలోని నూట అరవై రెండు పాయింట్లూ ఎదుటి వాళ్లవే.

"పోనీలే సొలాంజ్. కాఫీ తాగుదామా?" అన్నాడు అర్మాన్.

"నాకు జాలి కాఫీ వద్దు. పంచు."

ఆమె ముక్కలు సర్దుకుంది. ఆకారం చిప్ చెబుతోంది, రంగు చెప్పడం లేదు. రంగు ఎక్కడ ఉంది? కంటి అంచుల్లో. ఆ అంచులు ఆమెవే, ఏనాడూ పోలేదు. మనుషుల చెవి పక్కగా చూసినట్టే ముక్క పక్కకు చూపు తిప్పింది. పసుపు బొమ్మ జారిపోయింది. దాని చోట ఎర్ర మరక వచ్చింది. మళ్లీ నేరుగా చూసింది: పది. పది, ఎరుపు. ఒక్కో ముక్కనూ అలాగే రెండుసార్లు చూసి వేరు చేసింది.

"ఎవరికోసం చూస్తున్నావే, కిటికీలోంచి ఎవడైనా వస్తున్నాడా?" అంది మిరేయ్.

"వచ్చినా నీకివ్వను. ఆడు."

ఫిర్మిన్ దగ్గి, ఆటీను తురుపు అన్నాడు. తురుపు ఎంచిన జట్టు సగానికి పైగా పాయింట్లు తెచ్చుకోవాలి, లేకపోతే అన్నీ పోతాయి. తురుపు జాకీ మూడో పట్టులోనే పోయింది. బెలోత్‌లో తురుపు జాకీ తర్వాత పెద్దది తురుపు తొమ్మిది, ఆసు దాని కిందే. అది సొలాంజ్ దగ్గర ఉంది. ఇస్పేటు తొమ్మిది కూడా ఆమె దగ్గరే ఉంది.

రెండేసి ముక్కలు మిగిలినప్పుడు ఫిర్మిన్ తురుపు ఆసు దింపాడు. సొలాంజ్ చేతిలో ఉన్నవి ఆ రెండు తొమ్మిదులే. నేరుగా చూస్తే రెండూ ఒకటే. చూపు పక్కకు తిప్పింది. ఎడమది ఎరుపు, కుడిది నలుపు. ఎడమది వేసి ఆసును పట్టేసింది.

లెక్క చూస్తే ఫిర్మిన్ జట్టుకు డెబ్బై నాలుగు వచ్చాయి. నూట అరవై రెండులో సగం కూడా కాదు. ఫిర్మిన్ ముక్కలు బల్ల మీదికి విసిరాడు.

"ఆ ఆసు నాకు పనికొస్తుందనుకున్నా."

"పనికొచ్చింది, నాకు," అంది సొలాంజ్.

"ఆసుపత్రి అబ్బాయి పక్కకు చూడొద్దన్నాడుగా?" అన్నాడు అర్మాన్.

"అతను బెలోత్ ఆడడు. మంగళవారం వెళ్లి నేనే నేర్పిస్తా."

అర్మాన్ నవ్వి, గోడకు తగిలించిన జాబితా దగ్గరికి వెళ్లి తమ ఇద్దరి పేర్లూ రాశాడు. సొలాంజ్ లేచి, జేబులోని మీట తిప్పి, కాగితం ముందు తల నిలిపి చదివింది.

"అర్మాన్, రెండో జట్టులో రాశావేం?"

"మొదటిది ఫిర్మిన్ వాళ్లతో నిండిపోయింది మరి."

"ఫిర్మిన్ పేరు కొట్టేస్తా," అని ఆమె కలం అందుకుంది.