దిగుడులో రెండో గేరు

"గేర్లు లేని కారు కొన్నది మా ఆవిడ కోసమేనండి" అని ఆనంద్ పాల్ ఎవరి ముందైనా అనేవాడు. వినేవాళ్ళు నవ్వేవాళ్ళు. గేర్లు వాటంతటవే మారే ఆటోమేటిక్ కారది. ఆడవాళ్ళకి గేర్లు వెయ్యడం రాదని అందులోని భావం. కారు కొన్నది జెస్సీ కోసమే అయినా, ఆమె దాన్ని తోలేది తను పాఠాలు చెప్పే స్కూలుకీ, కూరగాయలకీ, అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికీ మాత్రమే. నలుగురూ చూసే ప్రయాణమైతే స్టీరింగు అతనిదే. పక్కసీట్లో కూర్చుని నీళ్ళసీసా మూత తీసి అందించడం, అతనికి కునుకు రాకుండా మాట్లాడటం, మాట్లాడకు అన్నప్పుడు ఊరుకోవడం ఆమె పని.

అతనికి కలిదిండిలో చేపల చెరువులున్నాయి. ఆదివారం చర్చి అవగానే ఏలూరులో ఇంటికి వెళ్ళకుండా అటు తిప్పేవాడు. చెరువు గట్టు మీద, కారులో, పూటంతా ఆమె ఎదురుచూపు. దిగితే "ఎండలో నీకెందుకు", దిగకపోతే "ఫోను చూసుకుంటూ కూర్చుంటుంది". సిగ్నలు లేని ఒక ఆదివారం డాష్‌బోర్డు అరలోంచి కారుతో పాటు ఇచ్చిన పుస్తకం తీసింది. దాని ప్లాస్టిక్ కవరు కూడా ఎవరూ చింపలేదు. గేరు రాడ్డుని 'డి' నుంచి పక్కకి జరిపితే 'ఎమ్' వస్తుందనీ, అక్కడ గేర్లు పెంచడం, తగ్గించడం మన చేతిలోకి వస్తుందనీ, దిగుడులో చిన్న గేరు వేస్తే ఇంజినే బండిని పట్టి ఉంచుతుందనీ, బ్రేకులు వేడెక్కవనీ అందులో రాసుంది. మర్నాడు స్కూలుకి వెళ్తూ రైల్వే వంతెన దిగేటప్పుడు వేసి చూసింది. బ్రేకు తొక్కకుండానే, వెనకనుంచి ఎవరో పట్టుకున్నట్టు కారు నెమ్మదించింది. ఆ మాట ఇంట్లో చెప్పలేదు. చెప్తే ఏమంటారో తెలుసు.

కొల్లేరు చుట్టుపక్కల వాళ్ళకి దిగుడు అంటే వంతెన దిగుడే. పైకి ఎక్కగానే ఏ గేరూ పట్టని న్యూట్రల్‌లో వేసి బండిని వదిలేస్తే ఆయిలు కలిసొస్తుందని అక్కడి డ్రైవర్ల లెక్క. లారీ తోలిన తండ్రి దగ్గర ఆనంద్ పాల్ నేర్చుకున్నదీ అదే.

దసరా సెలవుల్లో అతని అక్క రూబీ చింతూరులో కట్టుకున్న ఇంటికి ప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకుంది. వెనక సీట్లో అత్తగారు కనకమ్మ, కూతురు శాలిని. మారేడుమిల్లి దాటి ఘాట్ దిగడం మొదలవగానే ఆనంద్ పాల్ రాడ్డుని న్యూట్రల్‌కి నెట్టాడు.

"ఏవండీ, ఇది వంతెన కాదు. ఎమ్‌లో వేసి రెండో గేరుకి తగ్గించండి. బ్రేకులు వేడెక్కిపోతాయి."

"గేర్లు లేని కారుకి గేరు వెయ్యమంటోంది, విన్నావా అమ్మా."

"మొగోడు తోలుతుంటే పక్కన లొడలొడ ఏంటమ్మాయ్" అంది కనకమ్మ. "ప్రార్థన చేసుకో."

జెస్సీ వెనక్కి తిరిగి శాలిని బెల్టు సరిచూసింది. తొమ్మిదో తరగతికి ఘర్షణ పాఠం చెప్పేది ఆమే. రాపిడికి వేడి పుడుతుందని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్తుంది. అదే నోటితో ఇంట్లో చెప్తే లొడలొడ. గ్యాస్ వాసన వస్తోందన్నప్పుడు "నీకన్నీ అనుమానాలే" అన్నారు, రెగ్యులేటరు మార్చాక "నేను ముందే అనుకున్నాను" అన్నాడు ఆనంద్ పాల్. తనకి తెలిసింది తెలివి కావాలంటే ముందు అతని నోట్లోంచి రావాలి. అప్పటిదాకా అది భయం, చాదస్తం, ఆడవాళ్ళ గోల. ఇక్కడ మాత్రం ఆ గోల విననందుకు నలుగురూ లోయలో పడతారు.

"అమ్మా, ఏదో కాలుతున్న వాసన" అంది శాలిని.

"ముందెళ్ళే లారీదిలే" అన్నాడతను. ముందు లారీ లేదు.

తర్వాతి మలుపులో అతని పాదం బ్రేకుతో పాటు కిందికంటా దిగిపోయింది. కారు ఆగలేదు. అతని మొహం చూసింది జెస్సీ. ఇక అడగలేదు. రాడ్డుని 'డి'లోకి లాగి, పక్కకి జరిపి, ఒక్కో గేరూ తగ్గించింది. ఇంజిను ఒక్కసారిగా హోరెత్తింది.

"ఇంజిను పాడైపోద్ది!"

"పోనివ్వండి. ఎడంపక్కకి తిప్పండి."

వేగం చచ్చి, హ్యాండ్ బ్రేకుతో కారు కొండవైపు ఖాళీలో ఆగింది. చక్రాల్లోంచి సన్నగా పొగ. అతను దిగి నీళ్ళసీసా తీస్తే, వేడి మీద పొయ్యొద్దని ఆమే ఆపింది. చక్రాలు చల్లారి, బ్రేకు మళ్ళీ కాలికి గట్టిగా తగిలేదాకా కూర్చున్నారు. తర్వాత జెస్సీ స్టీరింగు ముందు కూర్చుంది. ఎవరూ వద్దనలేదు. ఆనంద్ పాల్ పక్కసీట్లో పైనున్న పిడి పట్టుకుని, కళ్ళు మూసుకుని కింది దాకా వచ్చాడు.

రూబీ ఇంట్లో అందరూ భోజనాలకి కూర్చున్నారు. బావగారు ప్రయాణం ఎలా జరిగిందని అడిగారు.

"బ్రేకులు కాస్త వేడెక్కాయి బావగారూ. చివర్లో జెస్సీకి ఇచ్చాను. పక్కన కూర్చుని ఎక్కడ ఏ గేరో చెప్తూ దింపించాను. ధైర్యం చెప్పేవాళ్ళుంటే ఆడవాళ్ళూ తోలేస్తారు. ఏం జెస్సీ?"

పెళ్ళయినప్పట్నుంచీ అతని కథలన్నీ "ఏం జెస్సీ" దగ్గరే ముగుస్తాయి. "అవునండీ" అనడం ఆమె వంతు. ఆమె బీఎడ్ సీటు అతను తెప్పించినట్టూ, పిల్ల జ్వరానికి అతను రాత్రంతా మేలుకున్నట్టూ ఆ ఒక్క మాటతోనే ఖాయమయ్యాయి. ఇప్పుడూ ఒక్క మాటే. కానీ ఆ మాట అంటే, రేపు తిరుగు ప్రయాణంలో ఆ సీట్లో మళ్ళీ అతనే కూర్చుంటాడు. కొండ అవతలి దిగుడులో మళ్ళీ న్యూట్రల్‌కి నెడతాడు. వెనక శాలిని ఉంటుంది.

"కాదండీ" అంది జెస్సీ.

రూబీ చేతిలో గరిటె ఆగింది.

"న్యూట్రల్‌లో వదిలేసి బ్రేకులు పోగొట్టింది మీరు. నేను తోలుతున్నంతసేపూ మీరు కళ్ళు తెరవలేదు. రేపు నేను తోలితేనే నేనూ శాలినీ కారెక్కుతాం. లేదంటే మేమిద్దరం బస్సులో వస్తాం, మీరూ అత్తయ్యగారూ కారులో రండి."

ఆనంద్ పాల్ నవ్వబోయి తల్లివైపు చూశాడు. కనకమ్మ కంచంలోంచి తలెత్తలేదు.

"నాకూ ఒక టిక్కెట్టు తియ్యమ్మాయ్" అంది.