మిగులు ఆస్తి

ముప్పై ఏళ్లు దాటినా వాడు ఇంట్లోనూ వీధిలోనూ అందరికీ చిన్నోడే. మాట రాదు, తన పనులు తాను చేసుకోలేడు. అమ్మ పోయాక వాణ్ణి చూసుకునేది అక్క ఒక్కతే. ఆమె లాండ్రీలో ఇస్త్రీ చేసేది. పనికి వెళ్తూ వాణ్ణి పురపాలక సంఘం వారి పాత పంపు హౌసులో దిగబెట్టేది. అక్కడ ఒక టీచరమ్మ అలాంటివాళ్లను సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉండేది.

ఆ భవనాన్ని మిగులు ఆస్తి కింద అమ్మేస్తారని తెలిసి అక్క పక్కింటి బాబాయి దగ్గరికి పరిగెత్తింది. ఆయన ఆ వార్డు కౌన్సిలరు, చిన్నప్పుడు చిన్నోణ్ణి భుజాన వేసుకుని తిప్పిన మనిషి. తను ఉండగా దాని జోలికి ఎవరినీ రానివ్వనని ధైర్యం చెప్పి పంపాడు.

కౌన్సిల్ సమావేశం రోజు ఆమె వెనక బల్ల మీద కూర్చుంది. మార్కెట్ మీద మూడో అంతస్తులో వేరే గది ఇస్తామని ఛైర్‌పర్సన్ మెత్తగా చెప్పింది. అక్కడ లిఫ్టు లేదు. మెట్లంటే చిన్నోడికి ప్రాణభయం. అమ్మకానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నారు. అందరికంటే కాస్త ఆలస్యంగా, తల దించుకుని, బాబాయి కూడా ఎత్తాడు.

గుమ్మం దగ్గర ఆమె ఆయన్ని ఆపింది.

“పార్టీ మాటమ్మా. నేనొక్కణ్ణి ఎత్తకపోతే ఆగేదా?”

“ఆగకపోయినా, మావైపు ఒకరున్నారని తెలిసేది కదా బాబాయ్.”

మెట్లెక్కగలిగిన వాళ్లను తీసుకుని టీచరమ్మ మార్కెట్ మీదికి మారింది. పంపు హౌసుకు తాళం పడిన రోజు అక్క సెలవు అడిగితే, లాండ్రీ యజమాని వేరే మనిషిని చూసుకుంటానన్నాడు. ఇంట్లో ఒంటరిగా వదిలితే చిన్నోడు తల గోడకేసి కొట్టుకుంటాడు. ఏం చేయాలో పాలుపోక, వాణ్ణి కౌన్సిల్ ఆఫీసుకు తీసుకెళ్లి, సమావేశపు గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, ఒళ్లో అన్నం డబ్బా పెట్టింది.

“చోటు మీరే అమ్మారు. సాయంత్రం దాకా మీరే చూసుకోండి,” అని గుమాస్తాతో చెప్పి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

ఇస్త్రీ పెట్టె పట్టుకుందే గానీ మనసు మనసులో లేదు. ఎవరిదో తెల్ల చొక్కా వీపు దగ్గర మాడింది. వాసన వచ్చేదాకా ఆమె చూసుకోలేదు. పెట్టె పక్కన పెట్టి, ఎవరికీ చెప్పకుండా పరుగు తీసింది.

చిన్నోడు కూర్చోబెట్టిన చోటే ఉన్నాడు. డబ్బా తెరవలేదు, మూత తీయడం వాడికి రాదు. ప్యాంటు తడిసి కుర్చీ కింద మడుగు కట్టింది. గుమాస్తాలు దాన్ని తప్పించుకుని నడుస్తున్నారు. తలుపు దగ్గర బాబాయి, లోపలికి రాలేక, వెళ్లిపోలేక నిలబడి ఉన్నాడు.

ఆమె గుడ్డ అడిగి తెచ్చుకుని మోకాళ్ల మీద కూర్చుంది. తను తుడుస్తానంటూ ఆయన వంగాడు.

“వద్దు బాబాయ్. వాడికి అన్నం పెట్టండి.”

ఆయన మూత తీశాడు. ఆ తొందరలో సగం కింద పోసుకున్నాడు.

లాండ్రీలో పని పోయింది. తర్వాతి సమావేశంలో బాబాయి పంపు హౌసు సంగతి ఎత్తితే, అమ్మిన ఆస్తి గురించి చర్చ లేదన్నారు. ఇప్పుడామె ఇంట్లోనే నాలుగిళ్ల బట్టలు తెచ్చుకుని ఇస్త్రీ చేస్తోంది. అది ఏ మూలకూ చాలదు. అయినా పొద్దున్నే చిన్నోణ్ణి పంపు హౌసు దాకా నడిపించాలి, లేకపోతే ముద్ద ముట్టడు. కొన్నవాళ్లు చుట్టూ రేకులు పాతారు. తలుపు ఎక్కడుందా అని వాడు ఆ రేకుల్ని తడుముతూ ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతుంటాడు. ఇక ఇంటికి పోదామని ఏం చెప్పి మళ్లించాలో ఆమెకు ఇప్పటికీ తెలియడం లేదు.