మామగారి బండికి ఒక్క తన్ను

పాత మోటారు సైకిళ్ల పిచ్చి పట్టినవాడికి ఇంకో పిచ్చి పట్టదు, అందుకు బుర్రలో చోటుండదు. మన బావ సంగతీ అంతే. వారమంతా ఆఫీసులో గుమాస్తా, సెలవొస్తే షెడ్డులో మెకానిక్కు. నలుగురూ పాత ఇనుము కింద తూకానికి వేసే బండ్లను తెచ్చి, నట్టు నట్టూ విప్పి, కిరోసిన్‌లో కడిగి ప్రాణం పోస్తాడు. ఇప్పుడు షెడ్డు మధ్యలో నిలబడ్డది చనిపోయిన మామగారి బండి. ఊరంతా పిడుగని పిలిచే బావమరిది దాన్ని కోళ్లగూడు చేసిపెడితే, రెట్టలతో సహా బతిమాలి కొనుక్కొచ్చాడు. ఏళ్ల తరబడి దాని తుప్పు గీకాడు. అతని భార్య రోజూ షెడ్డులోకి వచ్చి, నాన్న కూర్చున్న సీటును చేత్తో తడిమి వెళ్లేది.

ఆ ఉదయం బండి పలికింది. వీధి చివరున్న పిడుగుకి కూడా వినపడింది. బావ ఇంజను ఆపి చేతులు తుడుచుకునేలోపే వాడు ఊడిపడ్డాడు.

"నాన్న బండి నాకిచ్చెయ్ బావా. హోటలాయన మంచి ధరకి కొని గుమ్మంలో పెట్టుకుంటానంటున్నాడు."

"అమ్మేసింది నువ్వేగా! కావాలంటే నీ కోళ్లనడుగు."

వేళాకోళానికి అది వేళ కాదు. పిడుగు పిడికిలి బావ మూతి మీద పడింది. పన్నొకటి ఊడి నేలమీద దొర్లింది. బావ కూడా తక్కువవాడేం కాదు, గోడకున్న పాత చైను లాగి వాడి భుజం మీద వాయించాడు. చొక్కా చిరిగి రక్తం చిమ్మింది. పిడుగు ఆ చైనునే గుంజుకుని బావ మెడకి బిగించి, తలని పనిబల్లకేసి కొట్టాడు. పడిపోయినవాణ్ణి డొక్కలో తన్నాడు. ఇంకా తన్నాడు. అలిసిపోయాక బండెక్కాడు.

ఇలాంటి పాత బండ్లకి హ్యాండిల్ మీద చిన్న మీట ఉంటుంది. సిలిండర్లో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో చెప్పేది అదే. కిక్కు కొట్టేముందు దాన్ని వెనక్కి తిప్పాలి. మరిచిపోతే ఇంజను ఎదురు తంతుంది, కాలు పోతుంది. మీట ఇంకా ముందుకే ఉందని నేలమీద పడున్న బావ చూశాడు. ఆగరా అంటే చాలు. నోటినిండా రక్తమున్నా మాట రాకుండా పోలేదు. కానీ చావనీ, అనుకుని నోరు మూసుకున్నాడు.

పిడుగు ఒంటి బరువంతా వేసి తన్నాడు. ఇంజను తిరిగి తన్నింది. ఎండు కట్టె విరిచినట్టు చప్పుడైంది. వాడు కిందపడ్డాడు, బండి వాడి మీద పడింది. ప్యాంటు చీల్చుకుని ఎముక బయటికొచ్చింది.

వాడు పెట్టిన కేకకి బావ భార్య పరుగెత్తుకొచ్చింది. భర్తతో కలిసి బండి లేపింది. తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని, అప్పుడు హ్యాండిల్ వంక చూసింది. మీట ముందుకే ఉంది. చిన్నప్పుడు ట్యాంకు మీద కూర్చుని నాన్నకి ఆ మీట తిప్పిపెట్టింది తనే.

"మీరు చూడలేదా?"

"లేదు."

"దీనిమీద ఈగ వాలినా చూస్తారే!"

బావ తలదించుకున్నాడు. "వాడు నన్ను చంపబోయాడు."

"అప్పుడు కొట్టి ఉండాల్సింది. బండెక్కాక వాడు నిన్నేం చేశాడు?"

బావకి సిగ్గేసింది, భయం కూడా వేసింది. వాడి కాలికి గుడ్డ కట్టబోతూ అడుగు ముందుకేశాడు. ఆమె చేతికందిన స్పానరు పైకెత్తింది.

"వాణ్ణి ముట్టుకున్నావంటే నీ చెయ్యి విరగ్గొడతాను. వెళ్లి అంబులెన్సు పిలు."

బావ ఫోను చేశాడు. ఏమైందని అవతలివాళ్లు అడిగారు.

"ప్రమాదం," అన్నాడు బావ.

"కాదు," అంది ఆమె, ఫోనులో వినపడేంత గట్టిగా.