రెండు గుమ్మాల బండి

నేను ఒక గదిని. కాకపోతే నా కింద రెండు చక్రాలున్నాయి. ఈ చిన్న సంగతి బుర్రకెక్కడానికి మనుషులకు అరవై ఏళ్లు చాలలేదు. కొందరు నన్ను బండి అన్నారు, కొందరు డబ్బా అన్నారు, ఒకాయన ఏకంగా ఇల్లన్నాడు. ఆ ఇల్లన్న పెద్దమనిషి వల్లే నా పక్కటెముకలు కోసి రెండో గుమ్మం పెట్టారు. ఆ కథే చెబుతాను. నేను కాస్త పెంచి చెబుతున్నానని మీకు అనిపిస్తే ఇష్టమొచ్చినంత తగ్గించుకోండి. మనుషుల తెలివితక్కువతనం దగ్గర మాత్రం అంగుళం కూడా తగ్గించకండి. అది కొలిచి చెబుతున్నదే.

బెజవాడలో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో పుట్టాను. పదకొండడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు. టేకు చట్రం, పైన అల్యూమినియం రేకు. లోపల మనిషి కాళ్లు చాపుకునే బల్ల, దాని కింద అర, గోడకు మడిచిపెట్టే మేజా, ఒక మూల కిరసనాయిలు పొయ్యికి చోటు. గుమ్మం ఎడమ పక్కన. రోడ్డు వారగా ఆపినప్పుడు దిగేవాడు మట్టి మీదికి దిగాలిగాని లారీ కిందికి దిగకూడదు కదా. నన్ను కట్టిన వడ్రంగి వేలిముద్ర మనిషి. అయినా ఆ మాత్రం ఆలోచించాడు. తర్వాత వచ్చినవాళ్లంతా చదువుకున్నవాళ్లు.

నా మొదటి యజమాని కాలవలు తవ్వించే ఇంజనీరు. ఆయన నాలో చేసిన ముఖ్యమైన పని నిద్ర. ఒక మధ్యాహ్నం తవ్వుకుంటూ వస్తున్న కాలవకు నేను అడ్డమొచ్చాను. లోపల దొరగారు గురకపెడుతున్నారు. లేపే దమ్ము ఎవరికీ లేదు. రెండొందల మంది కూలీలు కాసేపు పలుగులు ఆనించుకుని నిలబడ్డారు. చివరికి నన్ను చుట్టుకుని తవ్వుకుంటూ వెళ్లిపోయారు. దొరగారు లేచి, కళ్లు నులుముకుని, ఆ మలుపు చూసి, నీటి ఉరవడి తగ్గడానికి వంపు బాగా కుదిరిందని మెచ్చుకుని సంతకం పెట్టారు. ఇప్పటికీ ఆ చోట రైతులు గట్టు మీద కూర్చుని, కాలవ ఇక్కడెందుకు తిరిగిందా అని తల గోక్కుంటుంటారు.

తర్వాత ఒక నాటకాల కంపెనీ నన్ను కొనుక్కుని రంగులు పూసుకునే గదిగా వాడింది. భీముడూ దుర్యోధనుడూ నా బల్ల మీదే పక్కపక్కన కూర్చునేవారు. రాజ్యం కోసం స్టేజీ మీద కొట్టుకున్నదానికంటే నాలో ఉన్న ఒక్క అద్దం కోసం కొట్టుకున్నదే ఎక్కువ. కంపెనీ మూతపడ్డాక ఒక కోళ్లాయన నన్ను తీసుకెళ్లి చెరుకు తోట పక్కన పడేశాడు. పన్నెండేళ్లు నాలో కోళ్లున్నాయి. నిజం చెప్పాలంటే నా యజమానుల్లో కోళ్లే మేలు. వచ్చాయి, పడుకున్నాయి, గుడ్డు పెట్టాయి, వెళ్లాయి. గుమ్మం ఏ దిక్కున ఉందని ఒక్క కోడి కూడా అడిగిన పాపాన పోలేదు.

అక్కడ నన్ను చూసి మనసు పారేసుకున్నవాడు పానకాలరావు. తెనాలి బస్టాండులో ముప్పై ఒక్కేళ్లు కంట్రోలరుగా చేసి రిటైరయ్యాడు. ఏ బస్సు ఏ ఊరికి ఎన్నింటికి పోతుందో మైకులో చెప్పడం ఆయన ఉద్యోగం. శ్రీశైలం, భద్రాచలం, మద్రాసు, అన్నీ ఆయన నోటి మీదుగానే వెళ్లేవి. ఆయన మాత్రం భోజనానికి సైకిలు మీద ఇంటికి వెళ్లేవాడు.

ఆయన భార్య వజ్రమ్మ. ఆమెకు బస్సు పడదు. ఎక్కి కూర్చుంటే చాలు, ఇంజను మొదలవకముందే కడుపులో తిప్పుతుంది. కారైనా, రైలైనా అంతే. అందుకని అరవై రెండేళ్లొచ్చినా ఆమె సముద్రం చూడలేదు. సముద్రం ఎక్కడో లేదు, సూర్యలంకలో ఉంది. తెనాలి నుంచి గట్టిగా గంటన్నర. ఆ ఎండాకాలం ఆమెకు కళ్లు మసకేస్తే, తప్పదు కాబట్టి దారంతా వాంతులైనా బస్సులోనే గుంటూరు తీసుకెళ్లారు. నీటికాసులని చెప్పారు. పోయిన చూపు రాదని, ఉన్నది ఇంకో ఏడాది ఉంటే గొప్పని డాక్టరు చెప్పాడు. తిరిగొచ్చి, బస్టాండు నుంచి రిక్షాలో ఇంటికి వస్తూ ఆమె ఒక్కటే అడిగిందట, చూపుండగా సముద్రం చూపించమని.

పానకాలరావు చెడ్డవాడు కాడు. పనికిమాలినవాడు, అంతే. భార్య పడుకుని ప్రయాణం చేస్తే కడుపులో తిప్పదని ఆయనకొక ఆలోచన తట్టింది. అందుకే నన్నూ, నన్ను లాగడానికి ఒక పాత జీపునూ తెచ్చాడు. తెచ్చిన మర్నాడే నాలో ఒక పరుపేసి ఆమెను పడుకోబెట్టి లాక్కుపోతే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ నన్ను చూసిన ప్రతివాడూ ఆహా, పాతకాలం సరుకు, బాగుచేయిస్తేనా అన్నాడు. దాంతో ఆయనకు సముద్రం వెనక్కి పోయి నేను ముందుకొచ్చాను.

బాగుచెయ్యడానికి వచ్చినవాడు నాగూర్ మేస్త్రి. లారీ క్యాబిన్లు కట్టి కట్టి చేతులు కాయలు కాసిన మనిషి. వారం రోజులు నాలోంచి కోళ్ల రెట్టే గీకాడు. దాని కింద నాటకం వాళ్ల ముఖాల రంగు, దాని కింద దొరగారి సిగరెట్టు పొగ, వీటన్నిటి కింద నా టేకు. గరుకు కాగితం పెట్టి రుద్దుతుంటే నూనె వాసన ఇంకా వచ్చింది. నాగూరు చెయ్యి ఆపి, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. అరవై ఏళ్లలో నన్ను ఎవరైనా గౌరవించారంటే అదొక్కసారే. పుచ్చిన ప్లైవుడ్ తీసేసి కొత్తది కొట్టాడు. ఇత్తడి బందులు చింతపండుతో తోమించాడు. పైకప్పు కారే చోట తారు పట్టించాడు. నెలన్నరలో నేను రోడ్డెక్కడానికి సిద్ధం.

పానకాలరావు సిద్ధంగా లేడు. సీట్లకు రెగ్జిన్ ఏ రంగు వెయ్యాలో తేల్చుకోవడానికి ఆయనకు ఇరవై రోజులు పట్టింది. మెరూన్ తెచ్చి, వెనక్కిచ్చి, ఆకుపచ్చ తెచ్చి, మళ్లీ మెరూనే తెచ్చాడు. స్పాంజి కుట్టించాక దానిమీద ప్లాస్టిక్ కవరు తియ్యనివ్వలేదు, మాసిపోతుందట. వీధిలో వాళ్లను పిలిచి, బస్సులు చెప్పిన గొంతుతోనే నా బందులూ అరలూ వరసగా చెప్పేవాడు. వజ్రమ్మ ఈలోగా కిటికీలకు తెరలు కుడుతూ కూర్చుంది. మొదటి తెరకు సూదిలో దారం తనే ఎక్కించుకుంది.

అప్పుడు దిగాడు సిద్ధాంతి. నేను పెరట్లో పడమటి ముఖంగా నిలబడి ఉన్నాను. కాబట్టి నా ఎడమ గుమ్మం దక్షిణానికి ఉంది. సిద్ధాంతి దిక్సూచి పెట్టి, వేళ్లు మడిచి, విప్పి, యముడి దిక్కున గుమ్మం పెట్టుకుని ప్రయాణమా అని మూలిగాడు. ఉత్తరానికి మార్చాలి. పొయ్యి ఆగ్నేయానికి జరపాలి. బల్ల తిప్పాలి.

నాగూరు నెత్తి మీద గుడ్డ తీసి చెమట తుడుచుకుని చాలా మర్యాదగా అడిగాడు.

"బండినే అటు తిప్పి నిలబెడితే పోలా, అయ్యగారూ?"

సిద్ధాంతి అతని వంక జాలిగా చూశాడు. "ఇల్లు తిప్పుతారటయ్యా ఎక్కడన్నా?"

"దీనికి చక్రాలున్నయ్యి గదండీ."

"మనిషి లోపల పడుకుంటే ఇల్లే. కొలత ఇక్కడ పడింది. ఇక ఇది ఎక్కడికి పోయినా ఇక్కడున్నట్టే లెక్క."

నేను చాలామంది మూర్ఖుల్ని మోశాను. ఇంత దర్జాగా మాట్లాడినవాణ్ణి చూళ్లేదు. పానకాలరావు చేతులు కట్టుకుని వింటున్నాడు. ముప్పై ఒక్కేళ్లు చక్రాల మధ్య బతికినవాడికి చక్రం దేనికో తెలియలేదు.

నా కుడి పక్క కోశారు. ఎడమ గుమ్మానికి రేకు కొట్టి మూసేశారు. ఇప్పుడు రోడ్డు వార ఆపితే దిగేవాడు సరిగ్గా లారీల మధ్యకు దిగుతాడు, దిక్కు మాత్రం శ్రేష్ఠం. పొయ్యి జరపడానికి అర తీశారు, అర తీసినందుకు బల్ల కోశారు, బల్ల కోసినందుకు పరుపు మళ్లీ కుట్టించారు. వానాకాలం గడిచిపోయింది. దసరా వెళ్లింది. రెండో తెర కుట్టేటప్పుడు వజ్రమ్మ సూదీ దారమూ నాగూరు చేతికిచ్చింది. అతను ఏమీ అడక్కుండా ఎక్కించి ఇచ్చాడు. మూడో తెర ఆమె వేళ్లతో తడిమి కుట్టింది. ఆ కుట్టు దొరగారి కాలవలాగే వంపులు తిరిగింది. పానకాలరావు అది చూసి, వంకరగా ఉంది, విప్పి కుట్టు అన్నాడు. ఎందుకు వంకరైందో ఆయనకు తట్టలేదు. ఆ పూట ఆయన పొయ్యి మూలకు సన్‌మైకా ఎంచుతున్నాడు.

కార్తీకంలో గృహప్రవేశం పెట్టారు. అవును, నాకే. మామిడి తోరణం కట్టారు, పసుపు పూశారు, పాలు పొంగించారు. అంతటితో ఆగితే మనుషులెలా అవుతారు? ముందు ఆవు లోపలికి వెళ్లాలి అన్నాడు సిద్ధాంతి. వీధి చివర నుంచి ఒక బలమైన ఆవును తోలుకొచ్చారు. దాని ముందు ఒకరు అరటిపండు చూపిస్తూ, వెనక ఇద్దరు నెడుతూ ఉత్తర గుమ్మంలోంచి ఎక్కించారు. ఆవు మొత్తం లోపలికొచ్చింది. అరటిపండు తింది. కొత్త నేల మీద పేడ వేసింది. బయట అందరూ శుభం శుభం అన్నారు.

ఆ తర్వాతే దానికి తిరగడానికి చోటు లేదని తెలిసింది. ఆరున్నర అడుగుల వెడల్పులో ఆవు ఎటు తిరుగుతుంది? వెనక్కి నడవమంటే నడవదు. తోక మెలేశారు, బతిమాలారు, సిద్ధాంతి మంత్రం చదివాడు. అది నా మెరూన్ సీటు మీద గడ్డం ఆనించి నెమరేసుకుంటూ నిలబడింది. మధ్యాహ్నమైంది. ఆవుగలావిడ వచ్చి దూడ అరుస్తోందని కేకలు పెట్టింది. ఇక లాభం లేదని నాగూరు ఉలీ సుత్తీ తీసుకుని, ఎవర్నీ అడక్కుండా, మూసేసిన ఎడమ గుమ్మం రేకు పీకేశాడు. ఆవు ఎదురుగా వెలుతురు చూసి, తిన్నగా నడుచుకుంటూ దిగి వెళ్లిపోయింది.

సిద్ధాంతి తల పట్టుకున్నాడు.

"పోయిపోయి యమద్వారం గుండా గోవు వెళ్లిందయ్యా పానకాలూ. ఆరు నెలలు పాడుపెట్టాలి. తాళమేసి ముళ్లకంప కొట్టించు. వైశాఖం దాకా దీన్ని ముట్టుకోవద్దు."

చావు జరిగిన ఇంటిని పాడుపెట్టడం విన్నాను. ఆవు బతికి బయటపడినందుకు పాడుపెట్టడం నా విషయంలోనే చూశాను. పానకాలరావు తాళం కోసం లోపలికి వెళ్లాడు. అడ్డు చెబుతాడేమోనని మీరు ఎదురుచూస్తే అది మీ తప్పు.

వజ్రమ్మ అప్పటిదాకా అరుగు మీద కూర్చుని ఉంది. లేచింది. గోడ పట్టుకుని, తర్వాత నన్ను పట్టుకుని, తడుముకుంటూ ఎడమ గుమ్మం దాకా వచ్చింది. తాళంతో తిరిగొచ్చిన మొగుడు ఎక్కడికే అన్నాడు.

"వైశాఖానికి నాకు గుమ్మమే కనపడదు. అది ఎటుంటే నాకేంటి?"

"అది కాదే, సిద్ధాంతిగారు చెప్పాక..."

"ముప్పై ఒక్కేళ్లు ఊళ్లోవాళ్లందర్నీ బస్సెక్కించి పంపించారు గదండీ. నన్నొక్కదాన్ని పంపించండి."

గట్టిగా కూడా అనలేదు. ఆమె ఆవు దిగిన గుమ్మంలోంచి ఎక్కి, పేడను కాలితో పక్కకు జరిపి, బల్ల మీద పడుకుంది.

"నాగూరూ, జీపు తగిలించు."

నాగూరు తగిలించాడు. జీపు నడిపిందీ అతనే. గేటు దాటుతుంటే పానకాలరావు చేతిలో తాళం అలాగే పట్టుకుని పరిగెత్తుకొచ్చి జీపెక్కాడు. గేటు బయట దక్షిణానికి తిరిగాం. తిరగగానే యముడి గుమ్మం కాస్తా తూర్పు గుమ్మమైంది. దానికి ఎవరి అనుమతీ కావలసి రాలేదు.

పడుకుంటే తిప్పదన్న ఆలోచన సంగతి కూడా చెప్పాలి. రెండు చక్రాల మీద నేను జీపు కంటే ఎక్కువ ఊగుతాను. పొన్నూరు దగ్గర ఒకసారి, బాపట్ల దగ్గర ఒకసారి వజ్రమ్మ వాంతి చేసుకుంది. ఎనిమిది నెలల పనితనం అక్కడికి తేలిపోయింది. నాగూరు ఆపి, వెనక్కి పోదామా అమ్మా అని అడిగితే, నోరు తుడుచుకుని, పోనియ్యి అంది.

సూర్యలంకలో నాలుగున్నరకు ఆగాం. ఎండ ఇంకా ఉంది. ఎడమ గుమ్మంలోంచి ఆమె ఇసుక మీదికి దిగింది. నాగూరు చెయ్యి పట్టుకుని నీళ్ల దాకా తీసుకెళ్లి వదిలాడు. పొద్దు వాలేదాకా ఆమె అక్కడే నిలబడింది. ముందు కళ్లు చిట్లించి చూసింది, తర్వాత మామూలుగా చూసింది. ఎంత కనపడిందో నాకు తెలియదు, అడగడానికి నాకు నోరు లేదు.

పానకాలరావు ఆ సేపంతా నాలోనే ఉన్నాడు. ప్లాస్టిక్ కవరు మీద వాంతి మరక పడిందని తడిగుడ్డతో రుద్దుతున్నాడు. అది కింద రెగ్జిన్‌లోకి ఇంకిందేమోనని కుట్టు విప్పి చూశాడు. ఒకసారి టైరు ఇసుకలో దిగబడుతోందని దిగి, దానికేసి చూసి, మళ్లీ ఎక్కాడు. సముద్రం ఆయన వీపు వెనక ఇరవై గజాల్లో ఉంది.

ఇంటికొచ్చాక నాకు ముళ్లకంప కొట్టించాడు. వజ్రమ్మ వద్దనలేదు. ఆమె పని అయిపోయింది. వైశాఖం వచ్చి, వెళ్లి, మళ్లీ వచ్చింది. కంప ఎండి రాలిపోయింది. రెండు గుమ్మాల్లోనూ పిల్లులు తిరుగుతున్నాయి. ఆమెకు ఇప్పుడు వెలుగూ చీకటీ తప్ప మరేమీ తెలియదు.

మొన్న సాయంత్రం ఇద్దరూ వచ్చి, జీపుకు తగిలించే నా కడ్డీ మీద కూర్చున్నారు. కాఫీ తాగారు. పానకాలరావు గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకుని, ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసి అడిగాడు.

"ఇంతకీ ఎట్టా ఉంటదే అది?"

"ఏది?"

"సముద్రం."

ఆమె నవ్వలేదు. నేనైతే నవ్వేవాణ్ణి.

"తెల్లగా వస్తదండీ. దూరం నుంచే వస్తా ఉంటది. వచ్చి, కాళ్ల కింద ఇసుక లాక్కుని పోతది. మళ్లీ వస్తది. ఎవర్నీ అడగదు."

ఆయన తలూపాడు. ఊపితే ఆమెకు కనపడదని కాసేపటికి గుర్తొచ్చి, ఊఁ అన్నాడు.