తడక అవతల పద్నాలుగు దినాలు

ఉడికిన వడ్ల వాసన.

రైస్ మిల్లుల మిర్యాలగూడలో బస్సు దిగేవాడికి మొదట తగిలేది అదే. ఎండ ఆ తర్వాత.

రెండువేల పద్నాలుగు, మే నెల. నాలుగేళ్లకు తిరిగొచ్చిన క్రాంతి బస్సు మెట్టు మీదే ఆగి ఆ వాసన పీల్చాడు. ఒకసారి. మళ్లీ ఒకసారి. వెనకవాళ్లు విసుక్కుంటే దిగాడు.

గొర్రెలు కాయలేనని సౌదీ పోయినవాడు. డ్రైవర్ వీసా అన్నారు. తీరా దిగాక ఒంటెలను అప్పజెప్పారు. ఇంకా నయం... అక్కడ ఏనుగులు లేవు.

మాడుగులపల్లిలో ఇంటి ముందు తల్లి లక్ష్మీనర్సమ్మ నీళ్ల చెంబుతో నిలబడింది. ఆమె పక్కన తండ్రి జంగయ్య. గడప మీద అక్క రజని. సూర్యాపేటలో చదివి, కోదాడ కాలేజీలో పాఠాలు చెబుతూ, వేసవి సెలవులకు ఇంటికొచ్చిన పిల్ల.

"ఎండుకపోయినవ్ కొడకా," అంది తల్లి.

"నేను మంచిగనే ఉన్ననమ్మా," అని నవ్వాడు క్రాంతి. "వారం కింద పిల్ల ఒంటెకు జలుబు వట్టింది. దాని ముక్కు తుడిసి తుడిసి నా తువ్వాలంత ఖరాబైంది."

రజని లేచింది.

"అమ్మా, జర ఆగు. వాణ్ని ముట్టుకోకు."

ఆ ఏడు సౌదీలో ఒక కొత్త జబ్బు తిరుగుతోంది. కరోనా జాతి వైరస్. ఒంటెల నుంచి మనుషులకు వస్తోందని అప్పుడప్పుడే తేలుతోంది. జబ్బు తేలినవాళ్లలో పదిమందికి ముగ్గురు పోతున్నారు. సోకినా బయటపడడానికి పద్నాలుగు రోజుల దాకా పట్టొచ్చు.

ఈ సంగతి ఆ ఊళ్లో ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరూ ఇదే ఇంట్లో ఉన్నారు. అది అదృష్టమో కాదో చెప్పడం కష్టం.

పద్నాలుగు దినాలు, అంది రజని. వేరుగా ఉండాలి.

తల్లి చెంబు దించలేదు. "ఏందే? వాడేమన్న రోగపు గొర్రెనా? నా కడుపుల పుట్టినోడు."

అప్పుడు జంగయ్య మాట్లాడాడు. మాట్లాడడం అతనికి అలవాటు లేని పని.

"అంగట్ల అమ్ముడువోక తిరిగొచ్చిన గొర్రెను మందల కలుపుతమా? మన గొర్రెనే. మన దొడ్లె పుట్టిందే. అయినా గాని పదిహేను దినాలు ఎడంగ కడ్తం. వీణ్ని గూడ ఉండనీ."

"సూస్తున్నవా అక్కా," అన్నాడు క్రాంతి. "నాయిన నన్ను అమ్ముడువోని గొర్రె అంటుండు."

నవ్వాడు. నవ్వుతూనే సంచి భుజాన వేసుకుని దొడ్డి వైపు నడిచాడు. అతని కళ్లు మాత్రం నవ్వడం లేదు.

దొడ్డి మూలన వేపచెట్టు. దాని కింద జంగయ్య నాలుగు తడకలు నిలబెట్టి, తాడు కట్టాడు. పైన గడ్డి కప్పు. లోపల మంచం, కుండ, దుప్పటి. కొత్త గొర్రెలను కట్టే చోటే అది. వాటికి మంచం ఉండదు, అంతే తేడా.

మందను మాత్రం ఇంటి అవతలికి తోలాడు.

మొదటి రోజు. వడగాలి. వేప ఆకులు ఎండలో ఆడుతున్నాయి.

రెండో రోజు. వడగాలి.

మూడో రోజు...

తల్లి అన్నం కలిపి తడక ముందు పెట్టి పది అడుగులు వెనక్కి రావాలి. అది షరతు. ఆమె ఎనిమిదే అడుగులు వేసేది. రజని చూసేది.

రజని పీహెచ్‌డీ ఈ వైరస్ మీదే. వైరస్‌ను ఆమె ఎన్నడూ చూడలేదు. ఏదో దేశంలో, గాజు పళ్లెంలో పెంచిన మనిషి ఊపిరితిత్తుల కణాలకు దాన్ని సోకించి, లోపల ఏ గంటకు ఏమవుతోందో కొలిచారు. ఆ కొలతల పట్టిక ఆమె లాప్‌టాప్‌లో ఉంది. ఏడాదిగా దాంతోనే కాపురం.

ఒక్కో కణంలో ఇరవై వేల జన్యువులు. అన్నీ ఒకేసారి పనిచేయవు. కొన్ని పనిలో ఉంటాయి, కొన్ని ఊరికే ఉంటాయి. పని పెరిగితే ఎర్ర గడి. పని తగ్గితే పచ్చ గడి. మార్పు లేకపోతే తెలుపు.

మూడో గంట — తెలుపు.

దాదాపు అంతా తెలుపే. వైరస్ లోపలికి వచ్చేసింది. కణం తన పని తాను చేసుకుంటోంది.

ఏడో గంట — అక్కడక్కడ రంగు.

పక్క కణాలకు కబురు పంపే జన్యువులు కొన్ని ఉంటాయి. దొంగ దూరాడు, తలుపులు వేసుకోండి అని. అవి ఈపాటికి ఎర్రబడాలి. పడలేదు. ఈ వైరస్ ముందుగా చేసే పని ఆ కబురును ఆపడమే. కబురు వెళ్తుంది... ఆలస్యంగా వెళ్తుంది. అప్పటికి పక్క ఇళ్లలోనూ దొంగ ఉంటాడు.

ఇరవై నాలుగో గంట — తెలుపు ఎక్కడా లేదు.

వేల జన్యువులు తలకిందులు. ఆరోగ్యంగా ఉన్న కణం తన లోపల ఏముందో చిన్న ముక్క తీసి పైకి పెట్టి చూపిస్తుంది. ఒంట్లో తిరిగే కాపలా కణాలు దాన్ని చూసి గుర్తుపడతాయి. ఆ చూపించే పని చేసే జన్యువులు పచ్చబడ్డాయి. కణం చూపించడం తగ్గించింది.

"ఎట్లున్నది?" అని పొద్దున్నే తడక బయటి నుంచి అడిగేది రజని.

"ఏం లేదక్కా. మంచిగున్న."

ఆ మాట ఆమెకు తెల్లగడిలాగే వినిపించేది. తెల్లగడికి రెండు అర్థాలు. వైరస్ లేదు. లేదా, ఉంది.

జంగయ్యది వేరే పద్ధతి. పొద్దున లేచి మందలోకి వెళ్లినట్టే తడక దగ్గరికి వెళ్లేవాడు. కొడుకును ఏమీ అడిగేవాడు కాదు. నిలబడి చూసేవాడు. తిన్న పళ్లెం చూసేవాడు. మంచం మీద ఎటు తిరిగి పడుకున్నాడో చూసేవాడు.

"అరిసేదాంతోని పరేషాన్ లేదు బిడ్డా," అన్నాడు ఒకసారి రజనితో. "సప్పుడు జెయ్యకుంట పక్కకు నిలవడ్డదాన్నే నేను పట్టి సూస్త."

రజనికి అర్థం కావడానికి ఏడాది పట్టిన ముక్క. అతను చుట్ట వెలిగించుకుంటూ చెప్పేశాడు.

ఏడో రోజు పళ్లెంలో అన్నం మిగిలింది.

క్రాంతి గోడవైపు తిరిగి పడుకున్నాడు... గోడ లేదు అక్కడ, తడక. తడకవైపు తిరిగి పడుకున్నాడు. నూటొకటి జ్వరం. పొడిదగ్గు.

రజనికి భయం వేసింది. దాని వెనకే ఇంకోటి కూడా కలిగింది — ఇప్పుడు వాడి లోపల ఏ గంట నడుస్తోంది? మూడా, ఏడా, ఇరవై నాలుగా? సొంత తమ్ముడి ఊపిరితిత్తుల మీద అలాంటి కుతూహలం కలిగినందుకు ఆమె సిగ్గుపడింది. చాలాసేపు సిగ్గుపడింది.

ఎనిమిదో రోజు క్రాంతి మూతికి తువ్వాల కట్టుకుని, జ్వరంతోనే, బండి మీద ఒక్కడే మిర్యాలగూడ దవాఖానకు పోయాడు. రజని ఆటోలో వెనకాల. డాక్టర్ గొంతులోంచి, ముక్కులోంచి నమూనా తీశాడు. పుణె ల్యాబుకు పోవాలి. నాలుగైదు రోజులు. మామూలు జలుబు కూడా కావచ్చు, అన్నాడు. ఆయాసం వస్తే మాత్రం ఒక్క నిమిషం ఆగకండి, అన్నాడు.

కావచ్చు. ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చారు.

తొమ్మిదో రోజు.

వడగాలి ఆగింది. వేప కదలడం లేదు. తడక లోపల దగ్గు... ఆగి... మళ్లీ దగ్గు.

తల్లి వచ్చి రజని పక్కన కూర్చుంది. లాప్‌టాప్‌లోకి చూసింది. ఎరుపు, పచ్చ, ఎరుపు, పచ్చ.

"ఇందుల వాడేడ ఉన్నడే?"

"వాడు లేడమ్మా. ఇవి వేరేటాయన కణాలు."

"ఎవరాయన?"

"తెల్వదు. ఎప్పుడో క్యాన్సరొచ్చి పోయిండు. ఆయన ఊపిరితిత్తులకెల్లి తీసి పెంచుతున్నరు. ఇంకా పెరుగుతనే ఉన్నయి."

"ఏం వయసు?"

ఆ కణాల వివరాలున్న కాగితంలో ఉంది ఆ సంగతి. ఏడాదిగా ఉంది. చదివింది కూడా.

"ఇరవై ఐదు."

క్రాంతికి ఇరవై ఐదు నిండి నెల కాలేదు.

లక్ష్మీనర్సమ్మ మళ్లీ ఆ రంగుల వంక చూసింది.

"వానికి తల్లి లేదా?"

కాగితంలో వయసు ఉంది. మగవాడని ఉంది. జబ్బు పేరు ఉంది. కణాలను ఏ వేడిలో ఉంచాలో, ఏ నీళ్లలో పెంచాలో, ఎన్ని రోజులకు మార్చాలో ఉంది. తల్లి గురించి లేదు. ఉండదు కూడా. ఎవరూ రాయరు. ఆమె కూడా ఎన్నడూ అడగలేదు.

"ఉండే ఉంటదమ్మా," అంది చివరికి.

తల్లి లేచింది. కొంగు నడుముకు దోపింది. దొడ్డి వైపు నడిచింది. పొయ్యి మీద ఏదో మరిచిపోయినట్టు, అంత మామూలుగా నడిచింది. అందుకే రజనికి అర్థం కావడానికి ఆలస్యమైంది. అర్థమయ్యేసరికి ఆమె తాడు విప్పుతోంది.

"అమ్మా, వద్దు. నీకు సోకితే ఏం జేస్త నేను?"

లోపల క్రాంతి లేచి కూర్చోబోయాడు. "రాకమ్మా..." దగ్గు అడ్డం పడింది.

ఆమె తడక తీసింది. లోపలికి వెళ్లింది. మళ్లీ తడక దగ్గరికి లాగి, లోపలి నుంచి తాడు కట్టింది. ముడి గట్టిగా వేసింది, రెండుసార్లు లాగి చూసింది. మంచం మీద కూర్చుని, నాలుగేళ్ల తర్వాత మొదటిసారి కొడుకు నుదుటి మీద చెయ్యి పెట్టింది. అతను తల పక్కకు తిప్పుకున్నాడు. ఆమె ఆ తలను తిప్పి ఒళ్లోకి తీసుకుంది.

జంగయ్య మంద దగ్గరి నుంచి వచ్చి రజని పక్కన నిలబడ్డాడు. తడక తియ్యలేదు. భార్యను పిలవలేదు.

రజని నోరు తెరిచింది. తుంపర్ల గురించి, ఊపిరి గురించి, ఎంత దూరం ఉండాలో దాని గురించి చెప్పాల్సినవన్నీ ఉన్నాయి. ఆమెకు ఏడుపొచ్చింది.

తడక సందులోంచి తల్లి ఆమెను చూసింది. కోపం లేదు ఆ చూపులో.

"నీ పద్నాలుగు దినాల లెక్క నేనెందుకు తప్పుత బిడ్డా," అంది. "వానికి తొమ్మిది అయినయి. నాకు ఇయ్యాల ఒకటి."