పహువా పక్కన చోటు

"ఏవే కియా, మైదానంలో ఎక్కడైనా నిలబడు కానీ పహువా పక్కన మాత్రం నిలబడకు" అంది మా అమ్మ, నా మెడలో వెండి కంటె వేస్తూ. "దాని పక్కన దిష్టిబొమ్మలా ఉంటావు."

కన్నతల్లి మాట అది. పహువా మా పెద్దమ్మ కూతురు. ఫోన్సవన్ చుట్టుపక్కల మా హ్మాంగ్ తెగ ఊళ్లలో అంత అందగత్తె లేదని నేనే ఒప్పుకుంటాను. నాదా, వెడల్పు మొహం, చప్పిడి ముక్కు, చామనఛాయ దాటిన రంగు. అద్దం మా ఇంట్లోనూ ఉంది.

అయినా వెళ్లి సరిగ్గా పహువా పక్కనే నిలబడ్డాను. నా లెక్క నాకుంది. కొత్త సంవత్సరం పండగకి అమ్మాయిలం ఒక వరస, ఎదురుగా అబ్బాయిలు ఒక వరస. నచ్చినవాళ్లకి బంతి విసిరి మాట కలపాలి. బంతి జారవిడిచినవాళ్లు ఒంటిమీది వస్తువేదో ఇచ్చేసి, తర్వాత పాట పాడి విడిపించుకోవాలి. మాలో సగం పెళ్లిళ్లు అక్కడే కుదురుతాయి. కుర్రాళ్లంతా పహువాని చూడ్డానికే వస్తారు. వచ్చి గుటకలు మింగుతూ నిలబడతారు. ఆమె కాదంటే నలుగురిలో పరువు పోతుందని ఒక్కడూ విసరడు. చేతిలో బంతి పట్టుకుని ఉత్తినే ఎలా పోతారు? పక్కనున్నదానికి విసురుతారు. ఆ పక్కనున్నది నేను.

పాపం పహువా చేతులు ఎప్పుడూ ఖాళీ. "నా మొహంలో ఏముందే, ఒక్కడూ రాడు?" అని నిరుడు ఏడ్చింది కూడా.

"అన్నీ ఉన్నాయి, అదే గొడవ" అన్నాను.

అలా నాకొచ్చిన బంతుల్లో ఒకటి లెంగ్‌ది. సయబురి నుంచి మేనత్త ఇంటికి వచ్చాడట. ఏం భుజాలు అవి!

"ఎండకి బాగా కందిపోయావు, గొడుగు లేదా?" అన్నాడు.

"కందిన రంగు కాదు, పుట్టిన రంగు. నీకు కళ్లజోడు లేదా?" అన్నాను.

పగలబడి నవ్వి బంతి జారవిడిచాడు. జేబురుమాలు సమర్పించుకున్నాడు. మర్నాడూ వచ్చాడు, ఆ తర్వాతా వచ్చాడు. నేను మనసు పడ్డాను. దాచడమెందుకు, గట్టిగానే పడ్డాను.

అన్నం తింటుంటే అమ్మ అంది, "పిచ్చిదానా, ఆ సయబురి అబ్బాయి పహువా కోసం వచ్చినవాడే. దానికి విసిరే ధైర్యం చాలక నీతో కాలక్షేపం చేస్తున్నాడు."

చేతిలో ముద్ద కంచంలో వదిలేశాను. ఎందుకంటే ఆ లెక్క నాదే. బంతికైతే అది చాలు. కానీ ఒకత్తె దొరకలేదని నన్ను చేసుకునేవాడితో కాపురం చెయ్యడం నా వల్ల కాదు.

పొద్దున్నే వెళ్లి వరస రెండో చివర, మామూలు అమ్మాయిల మధ్య నిలబడ్డాను. పహువా పక్కన చోటు ఖాళీ చేశాను. అక్కడే ఉండిపోతే అతను ఆమె మనిషి, నన్ను వెతుక్కుంటూ వస్తే నా మనిషి.

ఎండెక్కింది కానీ లెంగ్ రాలేదు. మెడ సాచి చూస్తే పహువాతో మాట్లాడుతూ కనిపించాడు. ఒళ్లు మండిపోయి, పక్కమ్మాయికి రావలసిన బంతిని కూడా నేనే పట్టుకుని విసిరికొట్టాను.

అప్పుడొచ్చాడు, చెమటలు కక్కుకుంటూ.

"ఎక్కడికి పోయావు? మీ అక్కని అడిగితే నవ్వుతుందే కానీ చెప్పదు."

"దాంతోనే ఆడుకోకపోయావా? మధ్యలో నేను కూడా లేనుగా."

"పహువాతోనా? తను యాంగ్ వాళ్లమ్మాయి. నేనూ యాంగే. చెల్లెలు వరస అవుతుంది. మీ ఇద్దరి ఇంటిపేర్లూ మొదటి రోజే మా మేనత్తని అడిగి తెలుసుకున్నా. నువ్వు మువా."

నాలుక కరుచుకున్నాను. బంతి పట్టగానే మొదట అడగాల్సింది ఇంటిపేరు. మాలో పసిపిల్లలకి కూడా తెలుసు. ఇన్ని రోజులూ ఆ భుజాలు చూస్తూ నేను అడగనేలేదు. ఇతనూ మువా అయ్యుంటే నాకు అన్నయ్య అయ్యేవాడు.

అయినా అసలు మాట మిగిలే ఉంది. "పహువా యాంగ్ కాకపోయి ఉంటే?"

కాసేపు బంతి చేతిలో తిప్పాడు. "మొదటి బంతి ఆమెకే విసిరేవాణ్ణి. నాకూ కళ్లున్నాయిగా."

"తర్వాత?"

"తర్వాత పక్కనుంచి నువ్వేదో అనేదానివి. నేను నవ్వి బంతి జారవిడిచేవాణ్ణి. ఆ జేబురుమాలు ఆమెకి ఇచ్చేసి, నీ వైపు తిరిగేవాణ్ణి."

కోపం రావాలి, రాలేదు. నేను మాత్రం ఇతని గుణగణాలు ఆరా తీశానా? ఇంటిపేరు కూడా అడక్కుండా మనసు పారేసుకున్నదాన్ని.

"విసురు" అన్నాను.

మెల్లిగా, చంటిపిల్ల కూడా పట్టేలా విసిరాడు. నేను ఇంతవరకూ ఒక్క బంతీ జారవిడవలేదు, ఆ సంగతి మైదానమంతా తెలుసు. చేతులు వెనక్కి పెట్టుకున్నాను. బంతి వచ్చి నా కాళ్ల దగ్గర పడింది.

అమ్మ వేసిన కంటె తీసి అతని చేతిలో పెట్టాను. అతను దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"విడిపించుకోవాలంటే పాట పాడాలి" అన్నాడు.

"విడిపించుకుంటానని ఎవరన్నారు?" అన్నాను.